ఇంటి పెద్ద పేరు

"ముప్ఫయ్యొక్క వేలు," అన్నాడు రోహణ, ఫోను జేబులో పెట్టుకుంటూ. "నిన్న నలభై ఆరుండేవట."

 ప్లేట్‌లెట్లంటే ఏమిటో వారం కిందటిదాకా ఆ ఇంట్లో అతని భార్య ఇనోకాకి తప్ప ఎవరికీ తెలియదు. ఇవాళ అతని తల్లి, డెబ్భయ్యేళ్ళ గుణావతి కూడా ఆ అంకె వినగానే కొబ్బరి కోరడం ఆపేసింది.

ఆసుపత్రిలో ఉన్నది గుణావతి కూతురు చాందనీ బిడ్డ, సెనుకి. తొమ్మిదేళ్ళది. డెంగూ. వాళ్ళ ఇల్లు కంచెకి అవతలే. బడినుంచి వచ్చాక సాయంత్రం దాకా ఆ పిల్ల ఉండేది మాత్రం అమ్మమ్మ వంటింట్లోనే.

జ్వరం డెంగూ అని తేలిన రోజే చుట్టుపక్కల ఇళ్ళు వెతకడానికి ఆరోగ్య ఇన్‌స్పెక్టరు కరుణారత్న వచ్చాడు. చాందనీ ఇంట్లో ఏమీ దొరకలేదు. ఈ ఇంట్లో దొరికింది. జాలీ అలమారాకి చీమలెక్కకుండా దాని కాళ్ళకింద పెట్టిన నాలుగు నీళ్ళగిన్నెల్లో మూడింటిలో దోమ లార్వా తోకలాడిస్తూ కనిపించింది. ఆయన గిన్నెలు పట్టుకుపోయాడు, కోర్టు కేసని నోటీసు ఇచ్చిపోయాడు.

ఊరు నవ్వింది అందుకు కాదు. నాలుగు వందల పన్నెండు గడపలు తిరిగి, నీళ్ళు నిలవుంచకండమ్మా అని పాఠం చెప్పే, ఊరంతా మిస్ అని పిలిచే మిడ్‌వైఫ్ ఇనోకా ఇల్లు కదా అది.

"చూడండర్రా," అంది గుణావతి. ఆమె చూపు అలమారా మీద ఉంది. చీమలు బారు తీరి బెల్లం డబ్బాలోకి దిగుతున్నాయి. "దోమలకి జడిసి చీమలకి సంతర్పణ చేస్తున్నాం."

"ఇప్పుడా అమ్మా, చీమల సంగతి?"

"ఇంకేం సంగతి ఎత్తను? దేన్నెత్తినా నాకేసే చూస్తున్నారు."

"ఎవరూ చూడ్డంలేదు." రోహణ ఫ్లాస్కులో కొత్తిమీర కషాయం పోసి మూత బిగించాడు. కాసేపాగి, ఉండబట్టలేక, "నీళ్ళు మారుస్తూనే ఉన్నావు కదా?" అన్నాడు.

"రోజూ పోశాను. ఒక్కపూట ఎండనిచ్చి ఎరగను."

"పోశారు," అంది ఇనోకా. అననక్కర్లేని మాట. అయినా వచ్చేసింది. "పారబొయ్యలేదు. గిన్నె అంచుకి గుడ్లు అతుక్కుని ఉంటాయి. పైన ఎన్ని నీళ్ళు పోసినా పోవు, తోమాలి."

"ఈ మాట నాకు ముందు చెప్పాలా అక్కర్లేదా?"

"చెప్పాను. మూడేళ్ళ కిందట."

"ఎప్పుడు?"

"మీరు రెండు పూటలు అన్నం మానేశారు చూడండి. అప్పుడు."

గుణావతి కోరిన కొబ్బరిని కంచం మధ్యకి తోసి, మళ్ళీ అంచుకి లాగింది. ఆ రోజు ఆమె అన్న మాట ముగ్గురికీ గుర్తుంది. *ఈ అలమారాకి నలభయ్యేళ్ళుగా చీమ చేరలేదు. నిన్నగాక మొన్న వచ్చినదానివి నువ్వు నాకు నేర్పుతావా?* ఆ తరవాత ఇనోకా ఆ అలమారా కిందికి వంగలేదు. వంటిల్లు అత్తగారిది, ఇంటి శాంతి అందరిదీ అనుకుంది.

రోహణ ఫోను మళ్ళీ మోగింది. చేతులు తడిగా ఉండి స్పీకరు నొక్కాడు. చాందనీ.

"అన్నా, దుప్పటి ఒకటి తీసుకురా. అమ్మ తిన్నదా?"

"తింటుంది. నువ్వు తిన్నావా?"

"నా తిండి సంగతి వదిలెయ్. ఆవిడ ఉందా అక్కడ, మిస్ గారు?"

రోహణ స్పీకరు ఆపబోయాడు. ఇనోకా వద్దని చెయ్యి ఊపింది.

"ఉంటే వినమను. ఊళ్ళో అందరి ఇళ్ళల్లో వంగి వంగి చూసిన మనిషికి సొంత వంటింట్లో వంగేసరికి నడుం నొచ్చిందా అని అడుగు. నా కూతురు లేచి ఇంటికొచ్చాక నేనే వచ్చి అడుగుతాను. లేవకపోతే..." ఆ మాట పూర్తి కాలేదు. ఫోను ఆగిపోయింది.

నాలుగు రోజులుగా చాందనీ ఇనోకాతో మాట్లాడటంలేదు. ఇవాళ మాట్లాడింది కూడా ఆమెతో కాదు.

రోహణ గొంతు సవరించుకున్నాడు. "నీ అప్లికేషను ఇవాళే కదా ఆఖరు?"

"అయిదున్నరకి."

ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం. ఊరు కదలక్కర్లేదు, ఉద్యోగం మానక్కర్లేదు, ఇంట్లో కూర్చుని రెండేళ్ళలో ప్రజారోగ్యంలో మాస్టర్సు చెయ్యొచ్చు. ఊళ్ళల్లో తిరిగి పనిచేసేవాళ్ళకి ఫీజు లేదు. అయితే సర్వీసు పన్నెండేళ్ళు దాటకూడదు. వచ్చే జూలైకి ఇనోకాకి పన్నెండు నిండుతాయి. ఇవాళ దాటితే ఆ తలుపు ఇక తెరుచుకోదు. ఆ తలుపుదాకా రావడానికే ఆమె ఐదేళ్ళు ఆదివారాలన్నీ పోసి డిగ్రీ తెచ్చుకుంది.

"ఆ ఫారంలో కేసుల గురించి ఒక ప్రశ్న ఉందన్నావు."

"ఉంది. మీ మీద గానీ మీ పేరుమీద ఉన్న ఇంటిమీద గానీ ఆరోగ్యచట్టం కింద చర్య ఏదైనా నడుస్తోందా అని."

"నేను కతార్‌లో ఉన్నప్పుడు గ్రామసేవకుడి పుస్తకంలో ఇంటి పెద్దగా నీ పేరు రాశారు. అందుకని కేసు నీ మీదికొచ్చింది. కరుణారత్న ఇవాళే సంతకాలు తీసుకుని ఫైలు కోర్టుకి పంపిస్తాట్ట." రోహణ తల్లి వైపు చూడకుండా చెప్పాడు. "ఇంటి పెద్ద అమ్మే అని రాయించుకుంటే సరిపోతుంది. వయసు చూసి జడ్జి ఒక మాట అని పంపించేస్తాడు. నువ్వు 'లేదు' అని కొట్టెయ్యొచ్చు."

వద్దు అన్న మాట ఇనోకా నోటిదాకా వచ్చింది. వచ్చి, పళ్ళ వెనక ఆగింది.

అది ఎంతసేపు ఆగిందో గుణావతి చూసింది. కంచం తీసుకుని లేచింది.

* * *

డాక్టర్ మనోరి బల్లమీద దోమల పొగమందు కాగితాలు గుట్టగా ఉన్నాయి. వానలు మొదలయ్యాక ఆ ప్రాంతపు ఆరోగ్యాధికారిగా ఆమెకి కూర్చుని టీ తాగే తీరిక లేదు. నిలబడే సంతకాలు పెడుతోంది.

"నీకు సిఫారసు ఉత్తరం రాసి వారమైంది," అంది తలెత్తకుండా. "పంపలేదు."

"మేడం, ఇవాళ అయిదున్నరకి..."

"తెలుసు. అప్లికేషన్లో నీ వ్యాసం చదివాను. రెండో పేరా ఒకసారి చదువు."

ఇనోకా ఫోను తెరిచింది. తను రాసిందే, తన గొంతుకే ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టుంది. "నా పరిధిలో రెండు వానాకాలాలుగా ఏ ఒక్క ఇంట్లోనూ లార్వా దొరకలేదు. ఇల్లిల్లూ తిరిగి, చేత్తో చేసి చూపించడంవల్లే ఇది సాధ్యమయింది."

"నిజమేనా?"

"రాసిననాడు నిజమనే అనుకున్నాను."

"ఇవాళ?"

ఇనోకా ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

"నా ఉత్తరంలో మీ ఇంటి సంగతి చేర్చాను," అంది డాక్టరు. "తీసెయ్యమంటే తీసేస్తాను. ఉత్తరంతో సహా."

"అది చూశాక సీటెవరిస్తారు మేడం?"

"ఇవ్వకపోవచ్చు." ఆమె అబద్ధంతో ఓదార్చే మనిషి కాదు. "ఒక సంగతడుగుతాను. తప్పు పట్టడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని. నాలుగు వందల ఇళ్ళు చూశావు. మీ ఇంట్లో ఎందుకు చూడలేదు?"

"అక్కడ నేను మిస్‌ని మేడం. ఇంట్లో కోడల్ని."

డాక్టరు కలం ఆగింది. మొదటిసారి తలెత్తి చూసింది.

"ఈ మాట నీ వ్యాసంలో ఎక్కడుంది?"

"ఇది వ్యాసంలో రాసే మాటా?"

"మరి ఏది రాస్తావు? ఈ ప్రాంతంలో నా దగ్గర ఇరవై ఆరుమంది మిడ్‌వైఫులు. అందులో ఎంతమంది తమ ఇంట్లో వంటింటి గడప దాటి మాట చెప్పగలరో నాకే తెలియదు." ఆమె ఇంకో కాగితం లాక్కుంది. "అయిదింటికి నా ఉత్తరం పంపుతాను. అందులో నిజముంటుంది. నీదాంట్లో ఏముంటుందో నువ్వు చూసుకో. ఇక వెళ్ళు, పిల్లెలా ఉంది?"

"ముప్ఫయ్యొక్క వేలు."



* * *

ఇనోకా ఇల్లు చేరేసరికి మూడున్నర. తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది. రోహణ ఆసుపత్రికి వెళ్ళినట్టున్నాడు, మరి అత్తగారు?

గుణావతి ఒంటరిగా పున్నమినాడు బుద్ధుడి విహారకి తప్ప ఎక్కడికీ వెళ్ళదు. ఇవాళ పున్నమి కాదు. అయినా తీగమీద ఆరేసిన తెల్లచీర లేదు. మూలనున్న గొడుగు లేదు.

పొద్దున్న రోహణ అన్న సంతకం మాట గుర్తొచ్చింది. తరవాత స్కూటీ వెనక్కి తిప్పింది.

కూడలిలో పోస్టాఫీసు పక్కన ఇన్‌స్పెక్టరుగారి గది. వసారా బల్లమీద వాన జల్లు కొడుతున్నా లెక్కచెయ్యకుండా గుణావతి కూర్చుని ఉంది. తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో గొడుగు పెట్టుకుని, కోర్టులో అప్పుడే పిలిచినట్టు నిటారుగా ఉంది.

"రా మిస్, రా," అన్నాడు కరుణారత్న లోపల్నుంచి. "మీ అత్తగారు గంటనుంచి నన్ను కాల్చుకు తింటున్నారు."

"ఏమంటున్నారు?"

"నేనేం అంటున్నానో నన్నడుగు," అంది గుణావతి. "ఆ ఇంట్లో నాకంటే పెద్దవాళ్ళెవరున్నారు? మీ పుస్తకంలో ఎవరో కుర్రవాడు ఏదో రాసుకుంటే అయిపోతుందా? నేనే ఇంటి పెద్దని. గిన్నెలు నావి. నీళ్ళు పోసింది నేను. రాయండి ఇన్‌స్పెక్టరు మహత్తయా, సంతకం పెడతాను."

"ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నేను నోటీసిస్తే తలుపులేసుకున్నవాళ్ళని చూశాను, కుక్కల్ని వదిలినవాళ్ళని చూశాను." కరుణారత్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కేసు నామీదంటే నామీదని వచ్చి కూర్చున్న ఇల్లు ఇదొక్కటే. ఎవరో ఒకరు తేల్చుకోండమ్మా. ఈ సాయంత్రమే ఫైలు వెళ్ళాలి."

"అమ్మా, లేవండి. ఇంటికెళదాం."

"పొద్దున్న నువ్వు వద్దనలేదు."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిందంతే. ఇనోకా చెంపమీద వానో మరొకటో కారింది, తుడుచుకోలేదు.

"అనలేదు," అంది. "అనాల్సింది."

"ఎందుకనాలి? నాకు నువ్వు బలవంతాన చెప్పావా? నా అంతట నేనే వచ్చాను." గుణావతి గొడుగు పిడిని రెండు చేతులా పట్టుకుంది. "దువా, తల్లీ, ఆ పిల్లకి ఈ చేత్తోనే అన్నం పెట్టాను. ఎండ తగలకూడదని ఆ అలమారా పక్కనే చాప వేసి కూర్చోబెట్టాను. దాన్ని కుట్టిన దోమ నా గిన్నెలోదే అయితే? ఏదో ఒక శిక్ష నామీద పడనీ. ఎవరూ నన్నేమీ అనకపోతే నేనెలా బతకను?"

"కోర్టులో మీరు నిలబడితే తీరేది కాదమ్మా ఇది. మీకు తెలియక చేశారు. నాకు తెలిసి చూడలేదు." ఇనోకా గదిలోకి నడిచి చెయ్యి చాపింది. "కలం ఇవ్వండి."

"ఇనోకా!"

పదమూడేళ్ళ కాపురంలో అత్తగారు ఆమెని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"నీ చదువో?" గుణావతి లేచి గుమ్మానికి అడ్డంగా వచ్చింది.  "ఐదేళ్ళు ప్రతి ఆదివారం నువ్వు పుస్తకాల సంచీ తీసుకుని పోతే ఈ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు? నీ బట్టలు ఎవరు ఉతికారు? పరీక్షలప్పుడు టీ ఎవరు పెట్టి ఇచ్చారు? నీ చదువులో నా వంట లేదా? తగలెట్టుకోడానికి అదేమైనా నీ ఒక్కదాని సొత్తా?"

కరుణారత్న ఫైల్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు.

  ఆ మాటల్లో ఒక్కటైనా అబద్ధం ఉంటే ఇనోకా పట్టుకుని పోట్లాడేది. కాగితం ముందుకి లాక్కుని, ఇంటి పెద్ద అన్నచోట తన పేరు రాసి సంతకం పెట్టింది.

గుణావతి మళ్ళీ వెళ్ళి బల్లమీద కూర్చుంది. ఈసారి నిటారుగా కూర్చోలేదు.

* * *

ఇంటి దగ్గర నెట్టు సరిగా రాదు, కూడల్లో వస్తుంది. ఇనోకా అదే బల్లమీద అత్తగారికి జానెడు దూరంలో కూర్చుని ఫోను తెరిచింది. నాలుగు నలభై. రెండో పేరా మొత్తం చెరిపేసింది. ఖాళీ అయిన తెల్లటి చోటు కేసి రెండు నిమిషాలు చూసింది. తరవాత బొటనవేళ్ళతో గబగబా కొట్టడం మొదలుపెట్టింది.

"ఏం రాస్తున్నావు?"

"మన వంటింటి గురించి."

"నా గురించా?"

"ఇద్దరి గురించీ."

"చదువు."

ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఇనోకా మాట మాటగా సింహళంలోకి తిప్పుకుంటూ చదివింది. *నేను నాలుగు వందల పన్నెండు ఇళ్ళలో అలమారాలకింద చూశాను, నా ఇంట్లో చూడలేదు. ఆ వంటిల్లు మా అత్తగారిది. ఆమె ఆ గిన్నెల్లో రోజూ నీళ్ళు పోసింది. పొయ్యడం చాలదని ఒకసారి చెప్పాను. ఆమె నొచ్చుకుంది. నేను మళ్ళీ చెప్పలేదు. ఇప్పుడు మా ఇంటి పిల్ల ఆసుపత్రిలో ఉంది. పరాయివాళ్ళకి చెప్పగలిగిన మాట సొంతవాళ్ళకి ఎలా చెప్పాలో నాకు తెలియదు. అది నేర్చుకోవాలి.*

పోస్టాఫీసు ముందు బస్సు ఆగి, ఇద్దర్ని దింపి, వెళ్ళిపోయింది.

"'రోజూ నీళ్ళు పోసింది' అన్నావు కదా," అంది గుణావతి. "శుభ్రంగా ఉంచాలనే పోసింది. అది చేర్చు."

ఇనోకా చేర్చింది.

అయిదూ ఎనిమిదికి డాక్టరుగారి ఉత్తరం వచ్చి చేరినట్టు తెరమీద పచ్చని గుర్తు పడింది. ఇక మిగిలింది ఆ ఒక్క ప్రశ్న. 'అవును', 'లేదు'. రెండు చిన్న గళ్ళు, పేనంతేసి. ఇనోకా 'అవును' మీద వేలు పెట్టింది. పెట్టి తీసేలోపే కొత్త వరస ఒకటి ఎర్రగా తెరుచుకుంది. *అవును అన్నవారు సంబంధిత అధికారి ఇచ్చిన పత్రం జతచేయవలెను. జతచేయని దరఖాస్తు స్వీకరింపబడదు.*

"మహత్తయా!" అని అరిచింది. "నోటీసు నకలు! నా కాపీ ఇంటి దగ్గరుంది."

కరుణారత్న అప్పటికే ఫైలు కట్టేసి తాడు ముడేశాడు. ఇనోకా మొహం చూసి, ఇంకేమీ అడగకుండా ముడి పళ్ళతో లాగి విప్పాడు. నోటీసు నకలు బల్లమీద పరిచారు. గాలికి ఎగరకుండా గుణావతి రెండు అరచేతులతో అంచులు నొక్కిపట్టింది. మొదటి ఫోటో మసకొచ్చింది, రెండోది వంకరొచ్చింది, మూడోదాంట్లో అక్షరాలు చదవడానికి వచ్చాయి. అయిదూ పంతొమ్మిది.

"పంపావా?"

"వెళ్తోంది. వానకి నెట్టు నెమ్మదిగా ఉంది."

తెరమీద సన్నటి నీలిగీత కదలడం మొదలైంది. పన్నెండు. ఇరవై. ముప్ఫయి నాలుగు దగ్గర ఆగింది. గుణావతి పెదవులు కదులుతున్నాయి, రక్షకోసం పిరిత్ చదువుతోందో ఏమో. యాభై. అరవై రెండు.

ఫోను చేతిలో వణికింది. గీత మీదికి పేరొచ్చింది.

చాందనీ.

"ఎవరు?" అంది గుణావతి.

ఆ పాత ఫోన్లో మాట్లాడితే నెట్టు ఆగిపోతుంది. పంపుతున్నది మళ్ళీ మొదటినుంచి పంపాలి. అయిదూ ఇరవై మూడు. రోహణ అక్కడే ఉన్నాడు, చాందనీకి కావాలంటే అతను ఉన్నాడు. ఏడు నిమిషాల తరవాత తనే చెయ్యొచ్చు. నాలుగు రోజులు మాట్లాడని మనిషి ఇంకో ఏడు నిమిషాలు ఆగలేదా?

అరవై ఎనిమిది.

ఆగగలిగితే చాందనీ తనకి చెయ్యదు.

ఇనోకా పచ్చ బొత్తాం నొక్కింది.

ముందు వార్డు రొద వినిపించింది, ఎవరి పిల్లో ఏడుపు, బకెట్టు చప్పుడు. తరవాత చాందనీ. "వదినా... అన్నయ్య మందులకి కిందికెళ్ళాడు, ఫోను తియ్యట్లేదు. సెనుకికి జ్వరం తగ్గిపోయింది. పక్క మంచంవాళ్ళు మంచిదే అంటున్నారు. కానీ వదినా, దాని కాళ్ళు చల్లగా ఉన్నాయి. పొట్ట నొప్పంటోంది. పడుకోమంటే పడుకోదు, దొర్లుతోంది. ఇది మంచిదేనా? నేనెవర్ని అడగను?"

ఇనోకా లేచి నిలబడింది. డెంగూలో జ్వరం దిగినప్పుడే అసలు గండమని నాలుగు వందల ఇళ్ళలో చెప్పింది తనే.

"విను చాందనీ, అది మంచిది కాదు. ఇప్పుడే నర్సు దగ్గరికి పరిగెత్తు. 'జ్వరం దిగింది, కాళ్ళు చల్లబడ్డాయి' అను. ఆ రెండు మాటలే. ఎవరైనా ఆగమంటే ఆగకు, ఇంకొకరి దగ్గరికెళ్ళు."

"భయంగా ఉంది వదినా. పెట్టెయ్యకు."

"పెట్టను. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని పరిగెత్తు. నేనిక్కడే ఉన్నాను."

గుణావతి ఆమె కొంగు పట్టుకుని లాగుతోంది, "ఏమిటి దువా, ఏమంటోంది, ఏమంటోంది" అని. లోపల గోడగడియారం అయిదూ ఇరవై ఆరు చూపిస్తోంది. ఫోన్లో చాందనీ అడుగులు, ఆయాసం వినిపిస్తున్నాయి. తరవాత ఎవరో గట్టిగా, "ఏ మంచం?" అన్నారు.

ఆ తరవాత వినిపించిన అడుగులు ఒకరివి కావు, చాలామందివి.